కోడి గదిలో వద్దు, గోడ బయట ఉండనివ్వండి

క్యాంపుల్లో కోళ్ళ పంచాయితీ మళ్ళీ మొదలైంది. నవంబరులో ఎండ తగ్గగానే ఏదో ఒక బ్లాకు వెనకాల, నీళ్ళ ట్యాంకు చాటున ఒక అట్టపెట్టె, దానిలో రెండు పెట్టలు కనపడతాయి. జనవరి వచ్చేసరికి అవి ఆరవుతాయి. మార్చిలో క్యాంపు ఆఫీసు నోటీసు అంటిస్తుంది, రెండు రోజుల్లో తీసెయ్యకపోతే ఫైన్ అని. ఏటా ఇదే తంతు. నేను క్యాంపు ఆఫీసులో గుమాస్తాని. ఆ నోటీసు టైపు చేసేది నేనే, గోడకు అంటించేది నేనే, దాన్ని చదివినవాళ్ళ తిట్లు తినేదీ నేనే. అందుకని ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

క్యాంపు బాసులది ఒకటే మాట: కోడి ఉండకూడదు. మనవాళ్ళదీ ఒకటే మాట: కోడి ఉంటే ఎవడికి నష్టం? నా మాట ఇద్దరికీ నచ్చదు. గదిలో కోడి ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. గోడ బయట, మునిసిపాలిటీ ఒప్పుకునే చోట, పద్ధతిగా ఒక దడి కట్టి పెంచుకుంటామంటే క్యాంపువాళ్ళు కాదనకూడదు. ఈ రెండూ కలిపి చెప్పాల్సిన మాటలు. ఒకటి వదిలేసి ఒకటి పట్టుకుంటే ఏమవుతుందో మా క్యాంపులోనే చూశాం.

ముందు అసలు మనవాళ్ళు కోడిని ఎందుకు తెచ్చుకుంటారో చూడాలి. గుడ్ల కోసం అని చెప్తారు గానీ అది నిజం కాదు. లెక్క వేసి చూడండి. పిల్లను తెస్తే అది గుడ్డు పెట్టేసరికి ఐదారు నెలలు పడుతుంది. పెద్ద పెట్ట రోజుకు నూరు, నూట ఇరవై గ్రాముల మేత తింటుంది. ఎంత బాగా పెట్టినా నెలకు పాతిక గుడ్లు దాటడం కష్టం, ఎండలు ముదిరితే అదీ ఆపేస్తుంది. జాలీకి, మేతకు, తొట్టికి పెట్టిన ఖర్చంతా కలిపితే బక్కాలాలో ముప్పై గుడ్ల ట్రే కొన్నదానికి పెద్ద తేడా ఉండదు. లాభం కోసమైతే ఇది తెలివైన పని కాదు.

మా క్యాంపులో సిరిసిల్ల దగ్గరి ఊరి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. యాభై దాటినవాడు. చిట్టీ అప్పు, కూతురి పెళ్ళి అప్పు తీరక నాలుగేళ్ళు ఇంటికి పోలేదు. రెండేళ్ళ కింద ఒక నల్ల పెట్టను తెచ్చుకున్నాడు. సాయంత్రం సైటు బస్సు గేటు లోపలికి వచ్చిన చప్పుడు వింటే చాలు, అది మెడ చాచుకుని పరుగెత్తుకొచ్చేది. ఒకరోజు నేను అడిగాను, ఎందుకు మేస్త్రీ ఈ తిప్పలు అని. "గదిల ఎనిమిది మందిమి ఉంటం సారూ. ఎవ్వని ఫోను వానిదే. నేను బస్సు దిగంగనే ఎదురొచ్చేది గిదొక్కటే" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. ఇప్పుడు కూడా లేదు. కోడి వద్దనే బాసులకు ఈ మాట అర్థం కాదని నేను అనను. వాళ్ళలో సగం మంది కేరళ నుంచో బీహారు నుంచో వచ్చినవాళ్ళే, వాళ్ళ ఇళ్ళ పెరట్లోనూ కోళ్ళు తిరిగినవే.

కిందటేడు నోటీసు పడ్డ రోజు మేస్త్రీ పెట్టను ఎవరికీ ఇవ్వలేదు. రాత్రి గదిలోకి తీసుకుపోయి కింది మంచం కింద అట్టపెట్టెలో దాచాడు. గదిలోవాళ్ళు ఆయన ముఖం చూసి ఊరుకున్నారు. పగలు అందరూ డ్యూటీలో ఉంటారు, ఏసీ తిరుగుతుంటుంది, తలుపు మూసి ఉంటుంది. ఇరవై రోజులు అలాగే గడిచింది. ఆ ఇరవై రోజుల్లో జరిగింది చెప్తాను. అదే గదిలో నిజామాబాదు తమ్ముడొకడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వాడికి రాత్రిళ్ళు ఆయాసం ఎక్కువై రెండుసార్లు క్లినిక్కుకు తీసుకుపోవాల్సి వచ్చింది. రెండో వారం నుంచి పై మంచాలవాళ్ళకు కూడా ఒళ్ళంతా దద్దుర్లు, రాత్రి పూట కుట్టడం. నల్లులు అనుకున్నారు. పరుపులు ఎండలో వేశారు, తగ్గలేదు. చివరికి ఒకడు బయటి నుంచి గోళీలు తెచ్చాడు. ఒక్కటి మంచం కింద పెట్టి తలుపేస్తే పొద్దునకల్లా అన్నీ చస్తాయని ఎవరో చెప్పారట. వాచ్‌మన్ ఆ డబ్బా చూసి గుర్తుపట్టి లాక్కోబట్టి సరిపోయింది.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు. మన ఊళ్ళల్లో ధాన్యం నిల్వలో పురుగు పట్టకుండా పెట్టేవి. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విష వాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. గోడ సందుల్లోంచి, ఏసీ గొట్టాల్లోంచి పక్క గదిలోకి పోతుంది. పెట్టినవాడు బతికి, పక్కింటివాళ్ళు పోయిన సంఘటనలు ఉన్నాయి. షార్జాలో పక్క ఫ్లాటులో వాడిన ఈ మందుకు చిన్నపిల్లలు చనిపోయిన వార్తలు ఒకటి కాదు, చాలాసార్లు వచ్చాయి. ఇళ్ళల్లో దీన్ని వాడటం ఈ దేశంలో నిషేధం. అయినా చాటుగా అమ్మేవాళ్ళు ఉన్నారు, కొనేవాళ్ళు ఉన్నారు. ఒక కోడి మంచం కింద చేరినందుకు ఎనిమిది మంది నిద్రలో పోయేవాళ్ళు.

ఇక్కడ తప్పు మేస్త్రీది అని సులువుగా అనేయవచ్చు. నేను అనను. ఆ నోటీసు కోడిని క్యాంపులోంచి పంపలేదు, గదిలోకి పంపింది. కోడి బయట ఉన్నన్నాళ్ళు అందరికీ కనపడుతూ ఉండేది. జబ్బు చేసినా తెలిసేది, ఎక్కువైనా తెలిసేది. దాచిపెట్టాక ఎవరికీ ఏమీ తెలియలేదు. వద్దన్నంత మాత్రాన మమకారం పోదు, చాటుకు పోతుంది. ఆఫీసులో కూర్చుని నోటీసు రాయించేవాళ్ళు ఇది గమనించాలి.

ఇక గదిలో ఎందుకు వద్దో మనవాళ్ళకు కొంచెం వివరంగానే చెప్పాలి. "మా ఇంట్ల గంప కింద కోడి, పక్కనే మేం పండుకునేటోళ్ళం, ఏమైంది?" అని అడిగేవాళ్ళు చాలామంది. ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ ఇంటికి వాకిలి ఉంది, పెరడు ఉంది, కిటికీలు రాత్రింబగళ్ళు తీసే ఉంటాయి. కోడి పొద్దున గంప ఎత్తగానే ఊరంతా తిరిగి చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. ఇక్కడ గది వేరు. 2009లో యూఏఈ మంత్రివర్గం కార్మికుల వసతికి పెట్టిన ప్రమాణాల ప్రకారం గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఇవ్వాలి. అంటే ముప్పై రెండు చదరపు అడుగులు. ఒక కోడికి పద్ధతిగా గూట్లో నాలుగు చదరపు అడుగులు, తిరగడానికి ఇంకో ఎనిమిది నుంచి పది కావాలి. మనకు కొలిచి ఇచ్చిన చోటులో మూడో వంతుకు పైగా దానికే పోవాలి. ఇవ్వలేం కాబట్టి అట్టపెట్టెలో పెడతాం. అట్టపెట్టెలో కోడి సుఖంగా ఉందనుకోవడం మన భ్రమ. అది మట్టి గీరాలి, ఇసుకలో పొర్లాలి, చీకటి పడితే కర్రెక్కి కూర్చోవాలి. ఇవేవీ లేని కోడి తన ఈకలు తానే పీక్కుంటుంది.

మూసిన గదిలో ఏసీ అదే గాలిని తిప్పుతుంటుంది. కోడి రెట్టల్లోంచి అమ్మోనియా వస్తుంది, ఈకల్లోంచి సన్నటి దుమ్ము రాలుతుంది. కళ్ళు మండుతున్నాయంటే ఆ గాలి అప్పటికే చెడిపోయిందని లెక్క. ఉబ్బసం ఉన్నవాడికి అది ఎదురుదెబ్బ. సైటులో సిమెంటు, ఇసుక దుమ్ము పీల్చి వచ్చినవాడి ఊపిరితిత్తులు రాత్రయినా కాస్త తేరుకోవాలి గదా! దద్దుర్ల సంగతి చెప్పాను. కోళ్ళను పట్టే పేలల్లో ఒక రకం సూదిమొనంత ఎర్రటివి. పగలు గూటి సందుల్లో, మంచం పట్టీల్లో దాక్కుంటాయి, రాత్రి బయటికి వచ్చి రక్తం తాగుతాయి. కోడి దొరక్కపోతే మనిషిని కుడతాయి. అచ్చం నల్లుల్లాగే. దానికి మందు మనుషుల గదిలో గోళీ పెట్టడం కాదు. కోడిని బయటికి పంపి, పరుపులు బట్టలు వేడినీళ్ళల్లో ఉతికి, క్యాంపు పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిపించడం.

అన్నం వండే చోటు దగ్గర కోడి తిరిగితే ఇంకో బాధ. చూడటానికి నిగనిగలాడే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. కోడికి ఏమీ కాదు, మనకు విరేచనాలు, జ్వరం, కడుపులో నొప్పి. 45 డిగ్రీల ఎండలో పనిచేసే మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు ఎంత తొందరగా పోతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. కోడిని ముట్టుకున్నాక, గుడ్డు తీశాక, తొట్టి కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఊరికే నీళ్ళు చల్లుకోవడం కాదు. దాన్ని ముఖానికి ఆనించుకోవడం, ముద్దు పెట్టుకోవడం వద్దు. వీడియో కాల్‌లో పిల్లలకు చూపించడానికి చాలామంది చేసేది అదే. దాని నీళ్ళ గిన్నెను మన వంట సింకులో కడగవద్దు.

అన్నిటికంటే నాకు భయం వేసేది కోడిపిల్లల సంగతి. పక్షుల మార్కెట్లో రంగులు పూసిన పిల్లలు అమ్ముతుంటారు, గులాబీవి, పచ్చవి. ముద్దొచ్చి నాలుగు కొంటారు. పుట్టిన మొదటి వారం పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. తల్లి రెక్కల కింద ఉంటే ఆ లెక్క తల్లే చూసుకుంటుంది. తల్లి లేదు కాబట్టి మనవాళ్ళు అట్టపెట్టెలోకి నూరు వాట్ల బల్బు దించుతారు. మంచం కింద అట్టపెట్టె, దానిలో చెక్క పొట్టు, పైన బల్బు, దాని మీద పరుపు. పైగా ఒకే ప్లగ్గుకు మూడు ఎక్స్‌టెన్షన్లు. పోర్టా క్యాబిన్ గది అంటుకుంటే ఎంతసేపట్లో కాలిపోతుందో చూసినవాళ్ళకు తెలుసు. కాబట్టి పిల్లలను తేవద్దు. కావాలంటే గుడ్లకు వచ్చిన పెద్ద పెట్టలనే తెచ్చుకోండి. వాటికి బల్బు అక్కర లేదు. రంగు పూసిన పిల్లల్లో ఏది పెట్టో ఏది పుంజో కూడా తెలియదు, మూడు నెలలకు అది కూత మొదలుపెట్టాక గానీ అర్థం కాదు.

పుంజు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. క్యాంపులో పుంజు వద్దు. మనలో సగం మంది రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఆరింటికి వచ్చి పడుకుంటారు. పుంజు తెల్లవారుజామున మూడింటికి మొదలుపెడితే పగలంతా కూస్తూనే ఉంటుంది. "పుంజు లేకుంటే గుడ్లెట్ల పెడ్తయ్?" అని అడుగుతారు. పెడతాయి. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పొదగదు, అంతే. గోదావరి జిల్లాల అన్నలు కొందరికి సంక్రాంతి నాటికి ఒక డేగనో కాకినో చూసుకోవాలని ఉబలాటం. ఇక్కడ డబ్బు పెట్టి పందెం కాస్తే జూదం కింద కేసు. సరదా తీరకముందే ఇంటికి టికెట్టు చేతిలో పెడతారు.

ఇక బయట పెంచే సంగతి. మొట్టమొదట మునిసిపాలిటీ. నగర పరిధిలో, జనం నివసించే చోట్ల కోళ్ళు, మేకలు పెంచడం మీద ఆంక్షలు ఉంటాయి, అవి ఒక్కో ఎమిరేటులో ఒక్కో రకం. మన కంపెనీ పీఆర్వో వారానికి రెండుసార్లు ఆ ఆఫీసుకు పోయే మనిషే. ఒక మాట అడిగి రమ్మంటే పోయేది లేదు. వాళ్ళు కాదంటే ఇంక వాదన లేదు, బయట కూడా పెంచవద్దు. అలాంటి క్యాంపులో కోడి మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు మజ్రాల్లో పనిచేసే మనవాళ్ళ దగ్గర ఒక పెట్టను ఉంచి సెలవు రోజున పోయి చూసి రావచ్చు. కొందరు అలా చేస్తున్నారు కూడా.

ఒప్పుకుంటే, చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. వంటగదికి, భోజనాల హాలుకు, నీళ్ళ ట్యాంకుకు దూరంగా ఉండాలి. ఏసీల బయటి యూనిట్ల ముందు అసలు కట్టవద్దు. నీడ ఉందని, కింద నీళ్ళు కారుతున్నాయని చాలామంది అక్కడే కడతారు. ఆ యూనిటు వదిలే వేడిగాలి కోడిని చంపేస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు తాగడానికి పనికిరావు. తూర్పు వైపు గోడ దొరికితే మంచిది, మధ్యాహ్నం దాటాక నీడ ఉంటుంది.

దడికి వాడే సామాను గురించి సైటువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. షట్టరింగ్ ప్లైవుడ్ ముక్కలు ఊరికే దొరుకుతాయి, కానీ వాటి మీద షట్టర్ ఆయిలు పట్టి ఉంటుంది. కోడి ప్రతిదాన్నీ ముక్కుతో పొడిచి చూస్తుంది. బైండింగ్ వైరు ముక్కలు, చిన్న మేకులు నేల మీద ఉంటే మింగేస్తుంది, కడుపులో గుచ్చుకుని చస్తుంది. థర్మాకోల్ అంటే వాటికి మరీ ఇష్టం, ఇన్సులేషన్ ముక్కలు దగ్గర పెట్టవద్దు. సిమెంటు సంచులు పరవవద్దు, ఆ పొడి కాళ్ళను, కళ్ళను కాలుస్తుంది. ఇంకో మాట, ఏ ముక్క తెచ్చినా స్టోర్‌కీపరు చేత చిట్టీ రాయించుకుని గేటు దాటించండి. కోడిగూడు కోసం దొంగతనం కేసు నెత్తిన వేసుకున్నవాడు ఎవడూ లేకపోతే బాగుండును గానీ, ఉన్నారు.

మార్కెట్లో కోళ్ళ జాలీ అని అమ్మేది కోడిని లోపల ఆపుతుంది, బయటిదాన్ని లోపలికి రాకుండా ఆపదు. పిల్లి పంజా దూరుతుంది, కుక్క చించేస్తుంది. అరంగుళం కన్ను ఉన్న వెల్డింగ్ జాలీ వాడాలి. దాన్ని నేలలోకి కనీసం ఒక అడుగు దింపాలి, లేకపోతే రాత్రికి రాత్రి తవ్వుకుని వస్తాయి. పైన కూడా మూయాలి. క్యాంపుల చుట్టూ పిల్లులకు కొదవ లేదు, ఎడారి అంచున ఉన్న క్యాంపులకు నక్కలు వస్తాయి. చీకటి పడేసరికి కోళ్ళు వాటంతటవే గూట్లో చేరతాయి, తలుపు వేసే పని మనది. మిగిలిపోయిన మేత రాత్రికి వదిలేస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. బాసులు భయపడేది ఎక్కువగా దీనికే, వాళ్ళ భయంలో న్యాయం ఉంది. అందుకే మేత మూతున్న డబ్బాలో పెట్టాలి, సాయంత్రం తొట్టి ఎత్తేయాలి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఎలుకల మందు పెట్టేముందు దడి ఎక్కడుందో చూపించాలి.

మెస్సులో మిగిలిందంతా కోడికి వేస్తే సరిపోతుందని ఒక అపోహ. ఉప్పు, నూనె, మసాలా పట్టిన బిర్యానీ దానికి మంచిది కాదు. బూజు పట్టిన ఖుబ్బూస్ మరీ చెడ్డది, ఆ బూజులోని విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. పచ్చి రాజ్మా గింజలు, అవకాడో, వాడిన టీపొడి వేయవద్దు. లేయర్ మేత సంచి కొని, నూకలు, ఆకుకూరల తొక్కలు పైన వేయండి. వాడిన గుడ్డు పెంకులను కాల్చి పొడి చేసి కలిపితే సున్నం అందుతుంది.

వేసవి మాట. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే కోడిది 41, 42. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి ఎగపోస్తూ వేడి బయటికి పంపుకోవాలి. నీడలో 35 దాటితే దానికి కష్టం మొదలైనట్టే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని చేయించకూడదని మనకు నియమం ఉంది. కోడికి ఆ నియమం రాసినవాళ్ళు లేరు, మనమే రాయాలి. పైకప్పు రేకు ఒక్కటే అయితే కింద పొయ్యిలా ఉంటుంది. రేకు మీద గోనెలు, రేకుకు గూటికి మధ్య జానెడు గాలి సందు ఉండాలి. గాలి నాలుగు వైపులా ఆడాలి. మట్టికుండలో నీళ్ళు, రోజుకు మూడుసార్లు మార్చాలి. సీసాలో గడ్డకట్టించిన నీళ్ళు దడిలో పెడితే దాని పక్కన చేరతాయి. నేల మీద ఇసుక తడపండి. రెక్కలు ఒంటికి దూరంగా పట్టి, నోరు తెరిచి, నిలబడలేక పోతుంటే వెంటనే నీడలోకి తెచ్చి కాళ్ళు చల్లటి నీళ్ళల్లో ముంచండి. డ్యూటీ రోజున మధ్యాహ్నం ఇదంతా ఎవరు చేస్తారు? రాత్రి షిఫ్టువాళ్ళు, సెలవులో ఉన్నవాళ్ళు వంతులు వేసుకోవాలి. వంతులకు మనుషులు దొరక్కపోతే మే నెలలోనే కోళ్ళను మజ్రాకు పంపేయండి. ఆగస్టులో చూద్దాంలే అనుకుంటే చూసేది కళేబరాలనే.

బర్డ్ ఫ్లూ మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తి కాదు. ఇది ఎక్కడో దూరాన ఉన్న జబ్బు కాదు. 2005 నవంబరులో కువైట్‌లో ఒక ఫ్లెమింగో కొంగలో హెచ్5ఎన్1 బయటపడింది. 2007లో అక్కడి కోళ్ళకు సోకింది. అదే ఏడు చివర్లో సౌదీలోని అల్ ఖర్జ్ ప్రాంతంలో లక్షల కోళ్ళను చంపాల్సి వచ్చింది. మన దేశంలో 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌తో మొదలైంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో తణుకు, పెరవలి మండలాల కోళ్ళఫారాల దాకా వచ్చింది. ఆ మరుసటి నెల పల్నాడు జిల్లాలో ఒక చిన్న పాప ఈ జబ్బుతో చనిపోయింది. చలికాలంలో ఉత్తరం నుంచి వలస పక్షులు ఈ తీరాలకు వస్తాయి, మనం కోళ్ళు తెచ్చుకునేదీ చలికాలంలోనే. కాబట్టి మేత, నీళ్ళు కప్పు కిందే ఉండాలి, పావురాలు, పిచ్చుకలు వచ్చి అదే గిన్నెలో తాగకూడదు. కొత్త కోడిని తెస్తే మూడు, నాలుగు వారాలు వేరే దడిలో ఉంచాకే కలపాలి. దడి లోపలికి వేరే చెప్పులు ఉండాలి, అవే వేసుకుని గదిలోకి రాకూడదు.

ఒకేసారి రెండు మూడు కోళ్ళు చచ్చినా, తలమీది జుట్టు, గొంతు కింది తమ్మెలు నీలంగా మారి ఉబ్బినా, ఉన్నట్టుండి గుడ్లు ఆపేసి మూల కూర్చున్నా ముట్టుకోవద్దు. ఆఫీసుకు చెప్పండి, వాళ్ళు మునిసిపాలిటీ పశువైద్యులకు చెప్తారు. మన ఊళ్ళో కోడి తూగుతుంటే "చచ్చేలోపు కోసుకుందాం" అంటారు. ఇక్కడ ఆ పని చేయకండి, ఊళ్ళో కూడా చేయకండి. జబ్బు కోడిని కోసి, ఈక పీకి, కడిగే చేతులకే మొదట అంటుకుంటుంది. ఊళ్ళో కొక్కెర తెగులుకు టీకా వేయించినట్టే ఇక్కడా పశువైద్యుణ్ణి అడిగి వేయించుకోవచ్చు. ఇంత చేస్తే గుడ్డు మాత్రం రోజుకారోజు తీసి, ఫ్రిజ్‌లో పెట్టి, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినండి.

బాసులకు నా విన్నపం ఒకటే. అనుమతి ఇస్తే ఎక్కడికక్కడ కోళ్ళ క్యాంపులైపోతాయని మీ భయం. సంఖ్య పెట్టండి. క్యాంపుకు పన్నెండు పెట్టలు, పుంజు లేదు, పిల్లలు లేవు, ఒకటే దడి, వారానికి ఒకసారి మీరే వచ్చి చూడండి. తప్పితే తీయించండి. గదిలో దొరికితే ఫైన్ వేయండి, అప్పుడు ఎవరూ కాదనరు, ఎందుకంటే బయట చోటు ఉంది గనుక. వాలీబాల్ కోర్టుకు చోటు దొరికినప్పుడు ఒక దడికి చోటు దొరకదా?

మనవాళ్ళకు కూడా ఒక మాట. అడిగేది నోటితో అడగకండి, కాగితం మీద అడగండి. పెంచేవాళ్ళ పేర్లు, గది నంబర్లు, బతాకా నంబర్లు, ఎన్ని పెట్టలు, దడి ఎక్కడ, మేత డబ్బు ఎవరి దగ్గర, ఏ రోజు ఎవరు ఊడుస్తారు, వేసవిలో ఎక్కడికి పంపుతారు, అన్నీ రాయండి. ఆ పక్క రెండు గదులవాళ్ళ సంతకాలు తీసుకోండి. వాళ్ళు నేపాలీలు కావచ్చు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు కావచ్చు, వాసన వచ్చేది వాళ్ళ కిటికీకే. ముఖ్యంగా ప్రతి పెట్టకు ఇద్దరి పేర్లు ఉండాలి. ఒకాయన సెలవు మీద పోయినా, వీసా రద్దయి ఒక్కసారిగా పోవాల్సి వచ్చినా రెండో ఆయన చూసుకోవాలి. యజమాని ఊరికి పోయాక దిక్కులేకుండా తిరిగే కోళ్ళ మీదే ఆఫీసుకు ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి, ఆ ఫైలు నా దగ్గరే ఉంటుంది. కోసుకు తినాలా, ఎవరికన్నా ఇవ్వాలా అన్నది కూడా ముందే రాసుకోండి. కోయడమంటూ ఉంటే బాత్రూములో కాదు, మార్కెట్లో కోసేవాళ్ళ దగ్గరికే తీసుకుపోవాలి.

ఈ కాగితం ఫిబ్రవరి లోపలే ఇవ్వండి. మార్చిలో నోటీసు పడ్డాక ఇస్తే ఎవరూ చదవరు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు దొరక్కపోతే మీ క్యాంపు గుమాస్తాను అడగండి, పది నిమిషాల పని. మా క్యాంపువాళ్ళయితే రాత్రి ఎనిమిది దాటాక ఆఫీసుకు రండి, కంప్యూటరు అప్పుడు ఖాళీగా ఉంటుంది.